గీత బయట నిలుచున్నవాడి మాటలు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముందుగా ఒక మనవి. నేను చదివింది ఉర్దూ మీడియంలో, చెప్పేదీ ఉర్దూ మీడియంలోనే. నా తెలుగు బడిలో కొంత, బజారులో కొంత, ఆటస్థలంలో ఎక్కువా నేర్చుకున్నది. కార్యదర్శిగారు మొన్న ఇంటికి వచ్చి "మాస్టర్ సాబ్, సావనీరులో తెలుగు పేజీలు తక్కువ పడుతున్నాయి, ఈసారి మీరు తెలుగులో మాట్లాడి అదే రాసివ్వండి" అన్నారు. అందుచేత ఇందులో తప్పులుంటే సగం నావి, సగం కార్యదర్శిగారివి.

ఏటా నాకు ఒకే విషయం ఇస్తారు: విద్య యొక్క ప్రాముఖ్యం. తొమ్మిదేళ్ళుగా అదే చెబుతున్నాను. మొదటి మూడేళ్ళు పిల్లలు విన్నారు. తరవాత వాళ్ళకు నాకంటే బాగా కంఠస్థం వచ్చింది. ఈసారి ఆటల పోటీల బహుమతులు ఇస్తున్నారు కనుక ఆటల గురించి మాట్లాడమన్నారు. నేను ఆటగాణ్ణి కాను. స్కూలు క్రికెట్టు జట్టులో పన్నెండో మనిషిని, అంటే తువ్వాలు, నీళ్ళ సీసా మోసినవాణ్ణి. ఫుట్‌బాల్ అయితే అదీ లేదు, గీత బయట నిలుచుని అరిచినవాణ్ణి. నలభై దాటిన వయసులో కూడా ఇంకా అక్కడే నిలుచుని ఉన్నాను. ఆ నిలుచోవడంలో ఉన్న సంతోషమూ, అవస్థా, నేను చేసిన ఒక తప్పూ, ఈ మూడే ఈరోజు చెప్పదలుచుకున్నాను.

ఈ జబ్బు నాకు మా అబ్బాజాన్ నుంచి వచ్చింది. ఆయన 1945లో పుట్టారు. డిఫెన్సు వర్కుషాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు మలక్‌పేటలో ఉండేవారట. ఆ కాలంలో ఈ ఊళ్ళో ఆట అంటే ఫుట్‌బాలే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది. 1950లో డ్యూరాండ్ కప్పు కూడా గెలిచింది. ఫైనల్లో ఓడింది ఎవరనుకున్నారు? మోహన్ బగాన్! కలకత్తావాళ్ళు ఫుట్‌బాల్ తమ సొంత ఆస్తి అనుకుంటున్న రోజులవి. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లోనూ, 1957-58లోనూ వెంట వెంట గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఇంకొకసారి. అంతే. ఆ తరవాత ఇంతవరకు మనకు ఆ కప్పు రాలేదు. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. బెంగాల్ గెలిచింది. మనం కుర్చీలు వేశాం.

మా అబ్బాకు ఈ లెక్కలన్నీ నోటికి వచ్చు. ఇంట్లో ఎవరి పుట్టినరోజూ గుర్తుండదు. మా అమ్మీ నిఖా తారీఖు అడిగితే కూడా కాస్త తడుముకుంటారు. కాని జకార్తా ఫైనల్ ఏరోజు అంటే 1962 సెప్టెంబరు 4 అని టక్కున చెబుతారు. అక్కడ మనవాళ్ళ మీద కోపంతో ఉన్న లక్షమంది జనం మధ్య ఇండియా దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. పి.కె. బెనర్జీ ఒక గోలు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్, అసలు వెనక ఆడే మనిషి, ఆరోజు ముందుకొచ్చి ఇంకొక గోలు. మా అబ్బాకు అప్పటికి పదిహేడేళ్ళు. ఆరోజు పక్కింటివాళ్ళకు మిఠాయి పంచడానికి ఇంట్లో చెప్పకుండా పాత ఇత్తడి చెంబు అమ్మేశారని మా ఫుఫ్ఫూ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ జట్టును తయారుచేసిన మనిషి గురించి ఈ సభలో తప్పకుండా చెప్పాలి. సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్. 1909లో పుట్టారు. ఆయన వృత్తి ఏమిటో మీలో ఎంతమందికి తెలుసు? బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలులో, దారుల్ ఉలూం హైస్కూలులో, చాదర్‌ఘాట్ హైస్కూలులో పిల్లలకు పాఠాలు చెప్పినవారు. సిటీ పోలీస్ జట్టుకు, ఇండియా జట్టుకు కోచ్. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడల బంగారం ఆయన చేతులమీదే వచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డమీద 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఒలింపిక్సులో ఆసియా నుంచి అంతదూరం వెళ్ళిన మొదటి జట్టు అది. సెమీఫైనల్లో యుగోస్లేవియా మీద మొదటి గోలు కూడా మనదే. తరవాత నాలుగు తిన్నాం. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, బలరాం వీళ్ళందరూ మన హైదరాబాదు, సికిందరాబాదు మనుషులు. జకార్తా నాటికే రహీం సాబ్‌ను క్యాన్సరు పట్టుకుంది. 1963 జూన్ 11న పోయారు. బంగారం తెచ్చి ఏడాది కూడా నిండలేదు.

మేము చదువుకున్న పుస్తకాల్లో ఆయన మీద ఒక్క పాఠం లేదు. 2024 రంజాన్ పండగకు ఆయన మీద "మైదాన్" అని హిందీ సినిమా వచ్చింది. అబ్బాను తీసుకువెళ్ళాను. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ మొత్తం చూశారు. బయటికొచ్చాక "ఎలా ఉంది అబ్బా" అంటే "బంతి ఇంత నిదానంగా పోయేది కాదు బేటా" అన్నారు. ఇంటికి వచ్చేదాకా ఇంకో మాట లేదు.

ఇక మన గడప దగ్గరి సంగతి. సైనిక్‌పురి చౌరస్తా నుంచి నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న అమ్ముగూడలో తులసీదాస్ బలరాం పుట్టారు. ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళు పి.కె., చునీ, బలరాం అని ఒకే ఊపిరిలో అంటారు. ఆ మూడో మనిషి మన అమ్ముగూడ కుర్రవాడు. బీద ఇల్లు. మొదటి బూట్లు పోలీసుల పాత బూట్లు విప్పి కుట్టించుకున్నవని చెబుతారు. రహీం సాబ్ ఆట చూసి క్యాంపుకు రమ్మంటే ఈ పిల్లవాడు రోజూ ఇక్కడినుంచి హైదరాబాదు దాకా రావడానికి నా దగ్గర డబ్బులేదు అన్నాడట. సుమారు పదిహేను కిలోమీటర్లు. రహీం సాబ్ సైకిలు కిరాయికి రోజుకు ఒక రూపాయి ఇచ్చారట. ఆ రూపాయి మీద వచ్చిన పిల్లవాడు 1956లో మెల్బోర్న్ వెళ్ళాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు వేశాడు. 1962లో బంగారం తెచ్చాడు, అర్జున అవార్డు తీసుకున్నాడు. 1963లో ఛాతీ జబ్బు వచ్చి, ఇంకా ముప్పై నిండకుండానే ఆట మానుకున్నాడు. ఆ తరవాత అంతా బెంగాల్లోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు. మరునాడు నేను తొమ్మిదో తరగతిలో అడిగాను, బలరాం ఎవరు అని. నలభై ఇద్దరు పిల్లల్లో ఒక్కడు చెయ్యెత్తాడు. "సర్, కృష్ణుడి అన్న" అన్నాడు. తప్పు చెప్పలేదు పాపం.

ఆ రూపాయి సంగతి మనసులో పెట్టుకోండి. మళ్ళీ దానిదగ్గరికి వస్తాను.

నా పాలికి వచ్చిన దేవుడు, అస్తగ్‌ఫిరుల్లా, నా పాలికి వచ్చిన హీరో ఫుట్‌బాల్‌వాడు కాదు, అజహరుద్దీన్. నేను పుట్టేనాటికి ఊళ్ళో ఫుట్‌బాల్ మంచం పట్టింది. 1984-85లో ఇంగ్లండు మీద ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ కొట్టిన మనిషి, మన ఊరివాడు. మా గల్లీలో పిల్లలందరం కాలరు ఎగరేసుకుని తిరిగేవాళ్ళం. అతను మణికట్టు తిప్పి లెగ్‌సైడుకు బంతి పంపే తీరు చూసి, మేము అద్దం ముందు అట్లకాడతో సాధన చేసేవాళ్ళం. 1996 మార్చి 13న కలకత్తాలో శ్రీలంకతో ప్రపంచకప్పు సెమీఫైనల్. అతను కెప్టెను. మా ఇంట్లో టీవీ లేదు. ఎదురింటి హవల్దార్ సాబ్ ఇంట్లో ముప్పైమందిమి. ఒక వికెట్టుకు 98 ఉన్నది చూస్తుండగా ఎనిమిదికి 120 అయింది. జనం సీసాలు విసిరారు, నిప్పు పెట్టారు, ఆట ఆగిపోయి శ్రీలంక గెలిచిందన్నారు. కాంబ్లీ ఏడుస్తూ బయటికొచ్చాడు. మేమూ ఏడుస్తూ బయటికొచ్చాం. మరునాడు లెక్కల పరీక్ష. మార్కులు చెప్పను, ఇక్కడ నా శిష్యులున్నారు.

అది ఓటమి. ఓటమి కొన్నాళ్ళకు మానుతుంది. 2000 సంవత్సరంలో వచ్చింది వేరే రకం. మ్యాచ్ ఫిక్సింగు మాట బయటపడింది, ఆ డిసెంబరులో బోర్డు అతనిమీద జీవితకాలం నిషేధం పెట్టింది. తొంభైతొమ్మిది టెస్టుల దగ్గర ఆగిపోయాడు. ఆ తొంభైతొమ్మిదోదానిలో కూడా సెంచరీ! నాకప్పుడు పద్ధెనిమిదేళ్ళు. ఇంటర్మీడియటు. బీరువా తలుపుకు అతని పోస్టరు ఉండేది. అమ్మీ చించెయ్యమంది. చించలేదు. ఉంచనూ లేదు. తిప్పి, తెల్లటి వైపు బయటికి కనబడేట్టు అంటించాను. పన్నెండేళ్ళ తరవాత 2012 నవంబరులో హైకోర్టు ఆ నిషేధం చట్టప్రకారం చెల్లదని తీర్పు ఇచ్చింది. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. ఆ రాత్రి బీరువా తెరిచి ఆ తెల్ల కాగితం చాలాసేపు చూశాను. కోర్టు తీర్పు కోర్టుది. అభిమాని లోపల ఒక కోర్టు ఉంటుంది, అందులో నా కేసు ఇప్పటికీ వాయిదాల మీదే నడుస్తోంది.

మన పిల్లలకు ఇంకొక అవస్థ ఉంది, దాన్ని దాచి మాట్లాడడం నాకు ఇష్టంలేదు. పాకిస్తాన్‌తో ఆట ఉన్ననాడు మన ముఖాలవైపు చూసేవాళ్ళు కొందరుంటారు. నవ్వుతామా, ఏడుస్తామా అని. 2021 అక్టోబరు 24న దుబాయిలో ఇండియా ఓడితే మహమ్మద్ షమీని ఎంతమాటలన్నారో అందరికీ తెలుసు. కెప్టెను కోహ్లీ గట్టిగా నిలబడ్డాడు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. మరునాడు ఒక చోట నన్ను ఒకాయన "ఏం మాస్టారూ, రాత్రి పండగా?" అన్నాడు. హాస్యానికే అన్నాడేమో. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు. పక్క దేశం ఓడినా గెలిచినా నాకేం, నా కడుపులో మంట నా జట్టు ఓడినందుకు. దానికి సాక్షి సంతకం కావాలా? సాయంత్రం హవల్దార్ సాబ్ తనే మా ఇంటికి వచ్చారు. ముప్పై ఏళ్ళు సరిహద్దుల్లో ఉద్యోగం చేసిన మనిషి. కుర్చీలో కూర్చుని "ఆ టాసు గెలిచుంటే వేరేగా ఉండేది మాస్టర్ సాబ్" అన్నారు. అంతే. టాసు గురించి గంటసేపు కొట్లాడుకున్నాం. ఆ గంటతో నా కడుపు చల్లబడింది.

సిరాజ్ పేరు ఎత్తితే మీరు చప్పట్లు కొడతారని తెలుసు, కొట్టండి. ఆటో నడిపిన తండ్రి కొడుకు. 2020 నవంబరులో తండ్రి పోయిన కబురు ఆస్ట్రేలియాలో అందింది. వెనక్కి రాలేదు, ఉండి ఆడాడు. సిడ్నీలో గ్యాలరీల నుంచి నానా మాటలు పడ్డాడు, అంపైరుకు చెప్పాడు గాని ఆట ఆపలేదు. తరవాత బ్రిస్బేన్లో ఐదు వికెట్లు తీశాడు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్పు ఫైనల్. 21 పరుగులకు ఆరు వికెట్లు, శ్రీలంక యాభైకి ఆలౌట్. నేను మగ్రిబ్ దాకా ఆట నడుస్తుందని లెక్కవేసుకుని మార్కెట్టు పని పెట్టుకున్నాను, కొత్తిమీర కట్ట పట్టుకుని తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది! ఆరోజు వచ్చిన బహుమతి డబ్బు అతను అక్కడి మైదానం పనివాళ్ళకు ఇచ్చేశాడు.

కాని నేను చెప్పదలుచుకున్నది 2025 వేసవి సంగతి. జులై 14న లార్డ్స్‌లో ఇంకో ఇరవైమూడు పరుగులు చేస్తే గెలుపు. సిరాజ్ చివరి మనిషి. బంతిని చక్కగా ఆపాడు. ఆపిన బంతి దొర్లుకుంటూ వెనక్కి వెళ్ళి వికెట్లకు తగిలింది, ఒక బెయిలు పడింది. ఎవరిని తిడతాం? బంతినా? మూడు వారాల తరవాత ఓవల్లో బ్రూక్ క్యాచి పట్టి, పట్టిన కాలు వెనక్కి వేసి హద్దు తాడు తొక్కాడు. అవుటు కావలసినవాడు సెంచరీ కొట్టాడు. ఆ రాత్రి ఈ ఊళ్ళో ఎంతమంది అతన్ని తిట్టారో, అందులో నేనూ ఒకణ్ణి. తెల్లవారి ఆగస్టు 4న అతనే ఆఖరి వికెట్టు పడగొట్టాడు. ఆరు పరుగుల తేడాతో గెలిచాం. ముందురోజు తిట్టిన నోటితోనే కౌగిలించుకున్నంత పనిచేశాం. అభిమానికి సిగ్గు ఉండదండీ.

ఇక్కడ ఒక చెడ్డమాట కూడా చెప్పి ముందుకు పోతాను. ఐపీఎల్ వచ్చాక ఆట చూసేవాడు వేరు, ఫోనులో పందెం కాసేవాడు వేరు అన్న తేడా మాసిపోతోంది. మా బంధువుల్లో ఒక కుర్రవాడు చెల్లెలి పెళ్ళికని దాచిన సొమ్ము రెండు నెలల్లో పోగొట్టాడు. ఏ జట్టు గెలిచినా అతనికి సంతోషంలేదు, తరవాతి బంతి ఏమవుతుందన్నదే గుండెదడ. మన రాష్ట్రంలో 2017లోనే దీనిమీద చట్టం వచ్చింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. చట్టం ఉన్నా ఫోను జేబులోనే ఉంది. మనం ఇళ్ళలో ఈ సంగతి గొంతు తగ్గించుకుని మాట్లాడుకుంటున్నాం. అందుకే మైకులో చెప్పాను.

మళ్ళీ ఫుట్‌బాల్‌కు వస్తాను. 2019లో హైదరాబాదుకు ఐఎస్ఎల్ జట్టు వచ్చిందనగానే మా అబ్బాకు డెబ్భైనాలుగేళ్ళ వయసులో పదిహేడేళ్ళు వచ్చాయి. నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళతో మొదటి ఆట. అప్పుడు ఆర్టీసీ సమ్మె. బస్సులు అంతంత మాత్రం. సైనిక్‌పురి నుంచి గచ్చిబౌలి అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివర. అమ్మీ వద్దని నెత్తి కొట్టుకుంటుంటే అబ్బాను స్కూటరు మీద ఎక్కించుకుని బయలుదేరాను. నడుముకు మఫ్లరుతో నాకు కట్టేసుకున్నారు, నిద్రపడితే పడిపోకుండా. తార్నాక దాటకముందే టీ, పంజగుట్ట దగ్గర ఇంకో టీ. స్టేడియంలో పసుపుచొక్కాల కేరళవాళ్ళు కూడా బాగానే ఉన్నారు. వాళ్ళే ముందు గోలు వేశారు. మనవాళ్ళు రెండు వేసి 2-1తో గెలిచారు. ఆ రెండో గోలు పడ్డప్పుడు అబ్బా లేచి నిలబడి అరవలేదు. కూర్చున్నచోటే నా మోకాలు గట్టిగా పట్టుకున్నారు. ఇన్నేళ్ళ తరవాత ఈ ఊరి పేరు పెట్టుకున్న జట్టు ఈ ఊళ్ళో గెలవడం చూశారు.

ఆ ఏడాది జట్టు పట్టికలో ఆఖరున నిలిచింది. పరవాలేదు. తరవాత కరోనా. ఆటలన్నీ గోవాలో, చాలావరకు జనం లేకుండా. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, మళ్ళీ కేరళతోనే. 88వ నిమిషం దాకా ఒక గోలు వెనకబడి ఉన్నాం. అప్పుడు తవోరా కొట్టిన బంతి! 1-1. ఆపైన పెనాల్టీలు. కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ చాంపియన్. అబ్బా రెండు రకాతులు షుకరానా నమాజు చదివి, అమ్మీని లేపి సేమియా చేయించారు. అర్ధరాత్రి సేమియా తిన్న ఇల్లు ఆరోజు సైనిక్‌పురిలో మాది ఒక్కటే కాబోలు.

రెండేళ్ళు తిరిగేసరికి జట్టుకు డబ్బు ఇబ్బందులు. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో ఇరవైరెండు ఆటల్లో ఒక్కటే గెలుపు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మార్చుకుంది. పేపర్లో చదివి వినిపిస్తే అబ్బా అడిగారు: "టీము కూడా కిరాయి ఇల్లు ఖాళీ చేసినట్టు పోతుందా బేటా?" నాకు జవాబు తోచలేదు. ఓడిన జట్టు కోసం ఏడవడం తెలుసు. లేని జట్టు కోసం ఎలా ఏడవాలి?

ఇప్పుడు నేను చేసిన తప్పు సంగతి.

2022 మార్చిలో, ఆ ఫైనల్‌కు వారం రోజుల ముందు, శనివారం నాడు ఆఖరి పీరియడు అయ్యాక ఒక పిల్లవాడు నా దగ్గరకు వచ్చాడు. పేరు చెప్పను. పదో తరగతి. తండ్రి టైల్సు వేసే పని. ఎడమకాలు వాటం. బంతి అతని కాలికి కుక్కపిల్లలా అంటుకుని తిరిగేది. మన గ్రౌండులో ఆడుతుంటే నేనే చాలాసార్లు స్కూటరు ఆపి చూసేవాణ్ణి. మరునాడు ఆదివారం ఊరికి ఆ చివర ఎక్కడో కుర్రవాళ్ళ ఎంపిక ఉందట. చదువుతున్నట్టు కాగితం మీద టీచరు సంతకం కావాలి. ఇంకోమాట చెప్పలేక నిలబడ్డాడు. అడిగితే, "రానూ పోనూ చార్జీ లేదు సర్" అన్నాడు.

నేనేం చేశానంటే ఉపన్యాసం ఇచ్చాను. పరీక్షలు దగ్గరికొచ్చాయి, నీ లెక్కలు చూశావా, ఆట కూడు పెడుతుందా, మీ అబ్బా ఎండలో పనిచేసేది ఇందుకేనా. ఈ సభలో తొమ్మిదేళ్ళు చెప్పిందంతా వాడికి పది నిమిషాల్లో చెప్పాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని "జీ సర్" అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను ఇంటికి పోయి భోజనం చేసి, అబ్బా పక్కన కూర్చుని, సెమీఫైనల్ మొదటి ఆట చూశాను. మోహన్ బగాన్‌ను 3-1తో కొట్టారు మనవాళ్ళు. ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచాను. ఆ పిల్లవాడు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు, ఒట్టు.

వాడు పదో తరగతి తప్పాడు. కనుక నా ఉపన్యాసం ఆ వైపు కూడా పనికి రాలేదు. గత సంవత్సరం ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర నా స్కూటరు పంచరైతే తోసుకుంటూ ఒక టైర్ల షాపుకు పోయాను. ట్యూబు నీళ్ళలో ముంచుతున్న కుర్రవాడు తలెత్తి సలాం చేశాడు. వాడే. చేతులు నల్లగా. పంచరు వేసి డబ్బు తీసుకోనన్నాడు. నేను ఏదో అనబోతుంటే తనే అన్నాడు: "సర్, ఆరోజు మీరు చెప్పింది కరెక్టే. ఆట ఏం పెడుతుంది." నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఎంపికలో వాడు నెగ్గేవాడో లేదో నాకు తెలియదు, బహుశా నెగ్గేవాడు కాదేమో, వందలమంది వస్తారు. కాని రహీం సాబ్ కూడా పంతులే, నేనూ పంతుల్నే. ఒకే రకం పిల్లవాడు ఇద్దరి ముందుకు వచ్చాడు, ఇద్దరినీ ఒకటే అడిగాడు. ఆయన రూపాయి తీశారు. నా జేబులో ఆరోజు ఐదువందల నోటు ఉంది.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఆదివారాలు పొద్దున ఫజర్ తరవాత మన గ్రౌండులో చిన్నపిల్లలకు బంతి తన్నడం నేర్పుతున్నాడు. ఎవరూ చెప్పలేదు, తనే మొదలుపెట్టాడు. ఇరవైమంది దాకా వస్తున్నారు. అందులో మన పిల్లలున్నారు, యాప్రాల్ నుంచి వచ్చే తెలుగు పిల్లలున్నారు, మిలిటరీ క్వార్టర్ల పిల్లలున్నారు, ఇద్దరు ఆడపిల్లలు కూడా ఉన్నారు. బంతులు రెండు, అందులో ఒకదానికి గాలి నిలవదు, వాడే పంచరు వేసి తెస్తాడు. అబ్బా కుర్చీ వేయించుకుని వెళ్ళి కూర్చుంటున్నారు. ఎడమకాలు పిల్లవాడు కనబడితే చాలు "బలరాం! బలరాం!" అని కేకలు. పిల్లలు మొదట నవ్వారు, ఇప్పుడు ఎవడు బాగా ఆడితే వాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

అధ్యక్షులవారికి, కార్యవర్గానికి నా మనవి ఒకటుంది. మన సంఘం లెక్కల పుస్తకంలో ఫీజులు అని ఒక పద్దు ఉంది, నోటుపుస్తకాలు అని ఒకటి, మందులు అని ఒకటి. వాటికింద ఇంకొక గీత గీసి "సైకిలు కిరాయి" అని రాయండి. ఎంపికలకు, పోటీలకు పోవలసిన పిల్లవాడికో, పిల్లకో రానూ పోనూ చార్జీ, దారిలో ఒక టీ, రెండు బిస్కెట్లు. మొదటి పద్దుగా ఈ ఐదువందలు జమ కట్టుకోండి. ఆలస్యంగా తెచ్చానని రసీదులో రాసినా నేనేమీ అనుకోను.

అధ్యక్షులవారు రెండోసారి గడియారం చూస్తున్నారు. బహుమతుల పిల్లలు కూడా కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.